ఎర్రగడ్డ రాళ్ళు

వేంపల్లె దాటి, పాపాఘ్ని ఇసుక దాటి
జీపు మొరాయించిన చోటి నుంచి
గంటన్నర నడక.
ఫారంలో మొదటి గడి: చేరుకునే సౌకర్యం.
ఐదుకి ఒకటి వేశాను.
చెప్పు పట్టీ తెగింది. దానికి గడి లేదు.

గుట్టకి పడమటి పక్క
రాయంతా గడ్డలు గడ్డలు,
ఒకదాన్నొకటి ఒరుసుకుని
సగానికి కోసిన ఎర్రగడ్డల్లా
పొర లోపల పొర, పొర లోపల పొర.
ఎంత దగ్గరగా వంగి చూసినా కళ్ళు మండవు.

నూట తొంభై కోట్ల ఏళ్ళ కింద
ఇక్కడ మోకాటిలోతు సముద్రం.
కంటికానని జిగురు ప్రాణాలు
వెలుతురు తిని, బురద పట్టుకుని
ఒక పొర కట్టి, అది పూడిపోతే
పైకెక్కి ఇంకో పొర కట్టి.
అట్లాంటివి వదిలిన గాలితోనే మొదలైందట
ఈ ఎక్కుడులో నేను రొప్పుతున్నది.
శాస్త్ర విలువ: ఐదు.
అరుదుతనం: నాలుగు,
అన్నిటికీ ఐదు వేస్తే పైవాళ్ళు నమ్మరు.

మేకల్ని తోలుకొచ్చిన మాబున్ని
ఫొటో కోసం రాయి మీద పెట్టిన నా పెన్ను తీసి
చేతికిచ్చింది.
"పడిపోయింది సూసుకో మ్మా."
"పడలేదవ్వా, రాయి ఎంతుందో తెలియాలని పెట్టినా."
"రాయి ఎంతుందో రాయిని సూస్తే తెలీదా?"

కూచుని, నా చెప్పు లాక్కుని
కలబంద నార పేనుతూ అడిగింది.
"మార్కులేస్తాండావంట. ఎక్కువొస్తే ఏమైతాది?"
కంచె వేస్తారు. బోర్డు పెడతారు. జనం వస్తారు.
"తక్కువొస్తే?"
నేను మాట్లాడలేదు.
ఎదురుగా రెండో గుట్ట సగమే ఉంది.
తక్కిన సగం ఏ ఊళ్ళోనో
ఎవరింట్లోనో నేలై పడుకుంది.
"ఎక్కువొస్తే నా మేకలకు దోవ లేదు,
తక్కువొస్తే గుట్టే లేదు.
నడిమధ్య మార్కు లేదా మ్మా?"

ఐదులో సగం రెండున్నర.
ఫారం సగాలు తీసుకోదు.

మధ్యాహ్నం వాళ్ళింట్లో కొర్రన్నం, ఊరిమిండి.
మాబున్ని మొగుడు దస్తగిరి
ఇరవై ఏళ్ళు గనిలో బండలు లేపినోడు,
చూపుడువేలు అక్కడే వదిలొచ్చినోడు,
చెయ్యి కడుక్కోమని జాలాడి చూపించాడు.
కింద పరిచిన బండ నిండా
గీతలు గీతలుగా అలలు.
ఏ తీరాన గాలి ఏ పొద్దున రేపిందో,
ఆరకముందే గట్టిపడిపోయిన అలలు.
నేను వంగి వేలితో తడిమితే
ఆయనకు సిగ్గేసింది.
"పాలీషు పట్టదని సేటు పారేసినాడు మ్మా.
కాలు జారదని మేం ఏసుకుంటిమి."
చెంబుడు నీళ్ళు కుమ్మరించాడు.
గీతల వెంబడి వంకరలు పోతూ
నీళ్ళు అరటిచెట్టు మొదట్లోకి పోయినాయి.

ఈ బండకి ఏ ఫారమూ తేలేదు నేను.

రాత్రి లాడ్జిలో, ఫ్యాను చప్పుడులో
ఆఫీసరు ఫోను.
"రోడ్డేస్తే ఆ ఒకటి మూడవుతుంది కదమ్మా, మూడేసెయ్."
రోడ్డేస్తే అవుతుంది సార్, అన్నాను.
ఒకటిని ఒకటిగానే ఉంచాను.
సూచనల గడి వంద అక్షరాలకు మించకూడదు.
బండ్లు ఏటి ఇవతలే ఆపాలి.
మెట్లు కట్టొద్దు.
మేకల దోవ మూయొద్దు.
ఇంకా చోటు మిగిలింది,
ఏం రాయాలో తోచక అట్లే వదిలేశాను.

మంచం కింద చెప్పులు.
ఒకదాని పట్టీ ఊడేట్టుంది.
మాబున్ని నార కట్టినది మాత్రం గట్టిగానే ఉంది.