రెప్పపాటు

ఎలాదియో కొట్లో గాజుబల్ల మీద
మూడు కెమెరాలు పెట్టాడు,
ముందుగా నా చేతులు చూశాడు.
ఉప్పు తిన్న గోళ్ళు, చిట్లిన కణుపులు,
ఎంత తోమినా వదలని నాచు వాసన.
"నీళ్ళలోకా?" అన్నాడు.
నీళ్ళలోకి కాదు,
నీరూ రాయీ కొట్లాడుకునే చోటికి, అన్నాను.

మొదటిది నారింజ రంగుది.
పదిహేను మీటర్ల లోతుకైనా ఢోకా లేదట,
మేడ మీంచి జారినా ఏమీ కాదట.
"అంతా అదే చూసుకుంటుంది,
నువ్వు మీట నొక్కడమే" అన్నాడు.
ఆ మాటే గొంతులో ముల్లయింది.

అంతా అదే చూసుకున్న ఫోటో ఒకటి
నా దగ్గరుంది, పోయినేడు ఫోనుతో తీసింది.
నురగంతా సున్నం,
రాయంతా బొగ్గు,
మధ్యలో ఉండాల్సిన దోసిండా లేదు.
తెలుపునీ నలుపునీ కూడి సగటు తీసింది యంత్రం.
సగటు తీస్తే ముందుగా పోయేది మనిషే.
(ఆ ఫోను కూడా పోయింది, తర్వాతి వారం,
మాల్పికా రేవులో.)

రెండోదానికి చక్రాలే చక్రాలు.
తిప్పుతుంటే చిటికెలేసినట్టు చప్పుడు.
కాంతీ, వేగమూ, దూరమూ అన్నీ వేళ్ళ కిందే.
కానీ తడి తగిలితే చస్తుంది.
దానికో గట్టి పెట్టె కొనాలి,
పెట్టె కెమెరా కంటే ఖరీదు.
రబ్బరు వలయం మీద వెంట్రుక పడ్డా చాలు,
సముద్రం లోపలికొచ్చి కూర్చుంటుంది.
పైగా రొట్టెంత పెట్టె!
నా నడుముకి ఇప్పటికే గోకుడుగరిట, వలసంచి, తాడు.

మూడోది ఎవరో వాడి అమ్మేసింది.
ఒక మూల పెయింటు లేచిపోయింది.
బ్యాటరీ తలుపుకి రెండు గడియలు.
షట్టరు వేగం నా ఇష్టం, ఐఎస్ఓ నా ఇష్టం,
అపర్చరుకి మాత్రం రెండే మెట్లు.
"రెండే" అని నసిగాడు ఎలాదియో.
మా పనికీ అంతే, అన్నాను:
రాతి మీద ఉండటం, రాతి మీద లేకపోవడం.

సంచీలోంచి తడి గ్లౌజులు తీసి తొడుక్కున్నాను.
చక్రం తిరిగింది, కొంచెం మొరాయించి.
బకెట్టు అడిగాను.
పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన కుర్రాడు
దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.
ఇరవై నిమిషాలు ముగ్గురం
ఒక బకెట్టులోకి చూశాం.
ఒక్క బుడగ రాలేదు.

నూట తొంభై యూరోలు.
క్రిస్మస్ ముందు వేలంలో
రెండు కిలోల పెర్సేబెస్ ధర.

సముద్రానికి పాటు రోజుకి రెండుసార్లు,
పంచాంగంలా ముందే తెలుస్తుంది.
రెప్పపాటు మాత్రం
ఎవరికి వాళ్ళం లెక్కపెట్టుకోవాలి.
సెకనులో వెయ్యో వంతు పెట్టాను.
నురగ మోసం చేయకుండా ఒక మెట్టు చీకటి దించాను.
పైన తాడు ఫెలిసా చేతిలో.
కింద పగుల్లో దోసిండా,
అరవై రెండేళ్ళ వీపు, ఎర్ర టోపీ.
ఒడ్డు మీద ఫోటో అంటే కసిరి పంపే మనిషి,
పనిలో ఉంటే లోకాన్నే మరిచిపోతుంది.

చిన్న అలలు, చిన్న అలలు,
ఆపైన వాటి వెనకాల
నల్లగా, చప్పుడు లేకుండా, ఒళ్ళు పెంచుకుంటూ ఒకటి.

"వస్తోంది!"

ముందు అరిచాను.
తర్వాత నొక్కాను.

ఫోటోలో రాయి ఉంది.
రాతి మీంచి పాలలా కారుతున్న నీళ్ళు,
ప్రతి ధారా విడివిడిగా.
బిగుసుకున్న తాడు అంచు దాటి పైకి పోతోంది.
ఎర్ర టోపీ లేదు.

తప్పు యంత్రానిది కాదు, నాదే.
ఆ తప్పుని సరిచేసే చక్రం
ఏ కొట్లో ఉన్నా కొనను.

దోసిండా ముక్కు చీదుకుంటూ వచ్చి
తెర మీదికి వంగింది. "నేనేదీ?"
పైనున్నావు, అన్నాను.
ఆమె వినలేదు. తడి వేలితో
పగులు దగ్గర చూపిస్తోంది:
"చూడు, చిన్నవాటిని కొయ్యలేదు.
కనబడుతోందా? అన్నీ వదిలేశాను."