ముల్లు తిరిగే చోటు

కంపెనీకి ముప్ఫై ఏళ్ళు నిండుతున్నాయట,
చరిత్ర రాయాలట, ఒక్క పేజీ అయితే చాలట.
ఉగ్నియుస్ వచ్చి అడిగాడు, ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని.
వాడి దగ్గర గ్రాఫ్ ఉంది,
ఎడమ నుంచి కుడికి నిచ్చెనలా ఎక్కుతుంది.
మొదటి మెట్టు కింద ఏముందో
అద్దాలు కడిగినదాన్ని, నాకు తెలుసు.

విల్నియస్ శివార్లో ఒక గ్యారేజీ.
తొంభై రెండు చలికాలం, కుళాయిల్లో వేడినీళ్ళు బంద్.
మూతబడిన ఇన్‌స్టిట్యూట్ నుంచి
తుక్కు ధరకి, కిలోల లెక్కన,
బ్రోనియుస్ ఒక వాక్యూమ్ గంగాళం కొన్నాడు,
పాల లారీలో తెచ్చి దించాడు.
పంపు రాత్రంతా ముసలి కుక్కలా దగ్గేది.
గాలినంతా తోడేశాక, ఆ ఏమీలేనితనంలో
పొడి కరిగి, ఆవిరై, చప్పుడు లేకుండా
గాజు మీద వాలేది.

కొలత తేక్లెది.
ఎంత వెలుగు గాజు దాటిందో ఒక ముల్లు చెప్పేది.
పొర పెరిగేకొద్దీ ముల్లు కదులుతూ, కదులుతూ,
ఒకచోట తటపటాయించి
వచ్చిన దారినే వెనక్కి తిరుగుతుంది.
ఆ తటపటాయింపే పావు అల.
అక్కడ ఆపాలి.
"చాలు" అనేది తేక్లె, గట్టిగా కూడా కాదు,
కూరలో ఉప్పు వేస్తున్నవాళ్ళతో అన్నట్టు.
ఒక అద్దానికి ఇరవై ఒక్క పొరలు,
ఇరవై ఒక్క చాలులు.
అన్నీ కలిపినా ఉల్లిపొర పక్కన లెక్కకు రావు.

మొదటి ఆర్డరు నలభై అద్దాలు, మ్యూనిక్‌కి.
నలభైకి నలభై తిరిగొచ్చాయి.
పెట్టెలో కాగితం మీద ఒకే మాట: మచ్చలు.
బ్రోనియుస్ మూడు రాత్రులు పంపు విప్పాడు, బిగించాడు,
నూనెని తిట్టాడు, దేశాన్ని తిట్టాడు.
తేక్లె మైక్రోస్కోపు కింద చూసింది,
బూడిదరంగు నూగు, చిన్న సుడి తిరిగి.
తల ఎత్తి నా చేతుల్ని చూసింది.

మంచునీళ్ళలో కడగాలి కదా,
వేళ్ళ దగ్గర కత్తిరించిన ఊలు తొడుగులు వేసుకునేదాన్ని,
మా అమ్మ అల్లినవి.

ఎవరికీ చెప్పలేదు ఆమె.
నోటుబుక్కులో "కారణం: చలి" అని రాసింది.
మర్నాడు ఇంటి నుంచి కెటిల్ తెచ్చింది, ఒక బేసిన్ తెచ్చింది.
"ముందు చేతులు, తర్వాతే అద్దాలు" అంది.

రెండోసారి పంపిన నలభై తిరిగి రాలేదు.
ఆ రాకపోవడమే మాకు దక్కిన మెచ్చుకోలు.

ఆ తర్వాతదంతా గ్రాఫ్‌లో ఉంది, నేనెందుకు చెప్పడం.
రెండో గంగాళం, అయిదో గంగాళం, బ్యాంకు అప్పు,
పైన్ చెట్లు కొట్టి కట్టిన తెల్లటి భవనం.
లోపలికి పోయే ముందు గాలి మనల్ని దులుపుతుంది.
మొహాలు కనపడవు, నడకని బట్టి గుర్తుపట్టుకుంటాం.
రెండు అద్దాల మధ్య వెలుగుని పట్టి
అది ఎన్ని చుట్లకి ఆరిపోతుందో లెక్కపెట్టే యంత్రం
మేమే చేస్తాం, మేమే అమ్ముతాం.
మూడొందల జీతాలు.
బ్రోనియుస్ సగం వాటా అమ్మేశాడు.
కొన్నవాళ్ళు ఏటా వస్తారు,
వచ్చే ఏడు గీత ఎంత పైకి అని అడుగుతారు.

తేక్లె పోయి ఆరేళ్ళు.
ఇప్పుడు చాలు అనేది కంప్యూటరు, కీచుమని.
అది పొరల్నే ఆపుతుంది.

చరిత్రకి ఒక ఫోటో కావాలన్నాడు ఉగ్నియుస్.
తిరిగొచ్చిన నలభైలో ఒకటి
మా వంటింటి కిటికీలో ఉంది, ఇచ్చాను.
తిప్పి చూశాడు, మర్యాదగానే అన్నాడు,
మచ్చలేనిది ఉంటే బాగుండేదని.

ఎదురుగా చూస్తే ఆకుపచ్చ.
కంటికి ఆనించుకుంటే లోకం గులాబీ.
మనవరాలు స్మిల్టె వాడి చేతిలోంచి లాక్కుంది.
"ఇందులో పురుగుంది!"
పురుగు కాదే, మీ ముత్తమ్మమ్మ ఊలు.
వినలేదు అది.
గులాబీ మంచులో
పక్కింటి కుక్కని వెతుక్కుంటోంది.