తొట్టి

గ్రీమ్స్‌పేటలో ఖాదర్ బాషా షెడ్డు ముందర
నా బండి నిలబడి ఉండాది,
సెకండాండుదే, కానీ నా పేరుమీద.

"తొట్టి ఉంచమంటావా,
ఊడదీసి కొక్కెం నాటమంటావా, తేల్చక్కా,"
అంటాడు బాషా చెవి మీంద చాక్‌పీసు తీసి.
మూడు దినాలుగా ఇదే మాట.
మూడు దినాలుగా నేను టీ తాగి వచ్చేస్తాండా.

తొట్టి అంటే నాకు తెలుసు.
పద్నాలుగేండ్లు దాంట్లోనే కదా కూర్చున్నా
మేస్త్రీ బండిలో,
మోకాళ్ళ నడుమ సిమెంటు బొచ్చె పెట్టుకొని,
ఇసక తడి చీరకెక్కితే
పలమనేరు దాకా పండ్లు కొట్టుకుంటా.
ఇనప గోడలు, వెనకాల గొళ్ళెం,
ఎవరి భుజం మీదో ఎవరి నిద్రో.

కొక్కెం సంగతి బాషా నేల మీద గీస్తాడు.
"ఇది ఇరుసు. ఇది నీ మిల్లరు మిషను.
తొట్టి ఉంటే మిషన్ను ఇంకెక్కడ తగిలిస్తావు, బంపరు కాడే.
తోకకు రాయి కట్టిన కుక్కను చూసినావా?
రాయి యా పక్క ఊగితే కుక్క ఆ పక్కకే.
తొట్టి తీసి పలక పరిచి
ఇరుసు నెత్తిన కొక్కెం పెడితే
బరువు బండి నడుం మీద కూర్చుంటాది,
చంకలో బిడ్డ మాదిరి.
ఎక్కేటప్పుడు బండి లాగుతాదక్కా,
దిగేటప్పుడు బరువు తోస్తాది.
మొగిలి ఘాట్ గురించి నీకు నేను చెప్పాల్నా?"

అక్కర్లేదు.
వానకి తడిసిన మలుపులో
వెనకాల రావాల్సిన మిషను
మా పక్కకొచ్చి మమ్మల్ని చూసింది ఒకసారి.
తొట్టిలో పదకొండు మందిమి.
ఎవరూ అరవలేదు.
దొరసాని సద్దిగిన్నె మూత ఒకటే మోగతా ఉండింది.
డ్రైవరు ఎట్లనో కొండకి ఆనించినాడు.
ఆ పొద్దు కూడా స్లాబు వేసినాము.

సరే, కొక్కెమే, అనుకుంటా.
అంతలోనే కన్నెమ్మ మాట:
"మిషన్ను బాగనే లాగుతావు గానీ రెడ్డెమ్మా,
మమ్మల్ని యాడ పెడతావు?"
మొదటి బస్సు ఆరుకి.
స్లాబు దినం ఐదుకే కంకర తడవాల.

మోసే బండికి ఒక ఒళ్ళు, లాగే బండికి ఇంకొకటి,
రెండూ ఒకదానికే కుదరవంట.
నా ఒంటికి మాత్రం
ఎవరూ అడక్కుండానే రెండూ తగిలించినారు.

శుక్రవారం పోయి చెప్తి: ఊడదియ్యి.
ఎనిమిది బోల్టులు. ఒకటి తుప్పుకి రాకపోతే
గ్యాసుతో కోసినాడు.
స్క్రాపోడు తొమ్మిది వేలు అన్యాడు, ఇయ్యలేదు.

ఇప్పుడు ఆడోళ్ళకి ఆటో మాట్లాడినా.
ముందర నేను, నా వెనక మిషను,
దాని వెనక ఆటో.
అద్దంలో మిషనే కనిపిస్తాది,
మలుపు తిరిగినప్పుడే వాళ్ళు.
ప్రతి మలుపులో లెక్కపెట్టుకుంటా.

తొట్టి మా గోడ పక్కన ఇటుకల మీద ఉండాది.
పని లేని మధ్యాహ్నం
కన్నెమ్మ దాంట్లో గోనెసంచి పరుచుకొని పడుకుంటాది.
నిన్న నిద్రలోనే అడిగింది,
"మొగిలి దాటినామా?"
నేను బొచ్చెలు కడుగుతా ఉండా.
"దాటినాములే, పడుకో," అంటి.