రసీదు నంబరు ఒకటి

మిర్యాలగూడల పొద్దటి సంది ఇది పదకొండో మిల్లు.
కార్బన్ కాగితం ఎండకు మెత్తబడి
రసీదు రాయకముందే వేళ్లకు నీలం అంటింది.

మా నాయినమ్మ పక్కింట్ల ఉప్పు గూడ అడిగెటిది కాదు.
సప్పిడి కూరే తిని, బాగుందనేది.
నాకేమో అడుగుడే నౌకరి:
నెలకు పదమూడు వేలు, పెట్రోలు అలగ్.

ఇద్దయ్య సారు నేర్పిండు:
"ఏడ్వకు, ఏడిపియ్యకు. లెక్క చెప్పు.
అడిగినంక నోరు మూసుకో.
ఆ ఊకుండుడు వాళ్ల బరువు,
వాళ్లనే మొయ్యనీ."

"వినరాని పిల్లల బడి సార్, ముప్పయ్యొక్క మంది.
చెవి మిషిన్ల బ్యాటరీలకు
పిల్లకు నెలకు నూట అరవై."
నోరు మూసుకున్న.

మిల్లు మూసుకోలే.
బాయిలరు, జల్లెడ, ఊక గొట్టం,
బల్ల మీది చాయ్‌ల వణికే మీగడ.
సేటు ఫోను దిక్కు చూసిండు, క్యాలెండరు దిక్కు చూసిండు,
"పంట రానీ, చూద్దం" అన్నడు.
నా నోట్లె బియ్యపు దుమ్ము.

గేటు కాడ బండి స్టాండు తీస్తుంటె
గుమస్తా ముత్తిలింగం ఉరికొచ్చిండు,
ముప్పయ్యేండ్లు ఆ మోత పక్కన లెక్కలు రాసినాయిన.
అటిటు చూసి, తువ్వాల సర్దుకొని,
అవసరానికి మించి గట్టిగ అడిగిండు:
"అవి... పెద్దోళ్లకు గూడ పెడ్తరా?"

అడిగి, నోరు మూసుకున్నడు.
ఆయినకు ఏ సారు నేర్పిండో.
ఈసారి ఆ బరువు నా మీద పడ్డది.

మొదటి రసీదు తిప్పి,
పైసల గడి లేని దిక్కు
ఆయిన పేరు రాసుకున్న.