ఒంటి కండె

కాజీపేట రైల్వే దవాఖానల
చుక్కల పుస్తకం తెరిచి పెట్టిండ్రు.
అందరికి డెబ్బై నాలుగు కనబడే కాడ
నా పెద్దోనికి ఇరవై ఒకటి.
అనుమానం లేకుంట, గట్టిగనే చదివిండు.
"రైలింజను మీద కూసునుడు కుదరదు"
పెన్ను మూత పెట్టుకుంట అన్నది డాక్టరమ్మ.
ఆగి, నా దిక్కు తిరిగింది:
"మీ నాయినకు రంగులు మంచిగ తెలిసేటియా?"

నవ్వొచ్చింది.
కొత్తవాడల నలభై ఏండ్లు
జంపఖానల నూలుకు రంగులద్దినోడు.
రంగుల సమ్మయ్య అంటె తెల్వనోళ్లు లేరు.
గోళ్ల సందున నీలం పోకుంటనే పాడె ఎక్కినోడు.

నా సంచిల పాత మందుచీటి తీసుకొని
వెనుక రెండు గీతలు గీసిందామె.
ఎక్స్ అన్నది, క్రోమోజోమ్ అన్నది.
నాకు కండెలోలె కనబడ్డయ్.
ఆడదానికి రెండు.
ఒకదాని పోగు తెగినా ఇంకోటి నేత ఆగనియ్యది.
మొగోనికి అసోంటిది ఒక్కటే,
తెగితే అతుకు దొరకదు.
నాయిన తనకున్న ఆ ఒక్కటి నాకిచ్చిండు.
నా రెండిట్ల ఏది ఇయ్యాలెనో నన్నెవరూ అడగలే.
పెద్దోనికి బొమ్మ పడ్డది, చిన్నోనికి బొరుసు.
బిడ్డ సుప్రజకు ఏది పడ్డదో
దాని కండ్లల్లకు చూస్తే తెల్వది.
నాకు అన్ని రంగులు కనబడుతయ్ గద,
అందుకే ఇన్నేండ్లు కనబడలే
నాలో ఉన్నది.

బస్సుల కూసున్నంక యాదికొచ్చింది.
ఎనిమిదేండ్ల నన్ను గంగాళాల నడుమ నిలబెట్టి
తడి లడి పైకెత్తేటోడు నాయిన:
"చెప్పు బిడ్డా, ఇదేం రంగు?"
"ఎర్రది."
"ఇది?"
"చిలకపచ్చ."
"శభాష్" అని
ఎర్రదానికి ఒక ముడి, పచ్చదానికి రెండు ముళ్లు ఏసేటోడు.
రంగులు నేర్పుతున్నడనుకున్న.
బడిల అందరికన్న ముందే నేర్చిన్నని మురిసిన.
నాకు జరమొచ్చి పండుకున్న దినమే
పెండ్లి జంపఖానాకు ఎర్రంచు పోయి పచ్చంచు పడ్డది.
షావుకారు తిట్టిండు.
"దీపం ఆరింది" అన్నడు నాయిన, తల ఎత్తకుంట.

నేర్పలేదు.
అడిగిండు.

హన్మకొండ చౌరస్తల బస్సు ఆగింది.
"ఇన్ని దినాలు బండెట్ల నడిపినవ్ రా?"
"మీదిది ఎలిగితే ఆగుడు,
కిందిది ఎలిగితే పోవుడు.
గంతే అమ్మా."
ముడి ఏసినట్టు చెప్పిండు.

రంగు ఏ కండెల పోయిందో గీసి చూపించింది డాక్టరమ్మ.
ఈ ఉపాయం ఏ కండెల వచ్చిందోనని
మందుచీటి తిప్పి చూసిన.
అటు దిక్కు
పాత జరం గోలీల పేర్లే ఉన్నయ్.