వంతు

లివా ఖర్జూర తోటల పదహారు సెన్సార్లు.
పన్నెండో నంబరుది ఈ వారం సచ్చింది.
నేనే తవ్వి తీసిన, ఇంకా గోరువెచ్చగున్నది.

సూపర్‌వైజర్ చెప్పిండు:
అన్నీ టవర్‌కే అరిస్తే ఒక్క ఎండకాలం గూడ ఆగవు.
పక్కదాని చెవిల గుసగుసగ చెప్పాలె,
ఒకటే పెద్దరికం మోసి దూరం పిలవాలె,
అలిసినంక ఇంకోటి.
మిగతావి కండ్లు మూసుకోవాలె.

పన్నెండో దానికి వంతు మారలే.
దాన్నే పెద్దను చేసి ఎవరో మర్చిపోయిండ్రు.

రాత్రి. రూముల ఎనిమిది మంచాలు.
అందరి ఇండ్లకు ఫోన్లు కలిపేది లింబాద్రే,
అందరి సావు కబుర్లు ముందుగాల వినేదీ ఆయనే.
ఇయ్యాల ఆయన ఫోను నా దిండు కింద పెట్టుకున్న.

గుర్రు పెడుతున్నడు.
పన్నెండో నంబరు బ్యాటరీ
ఇంకా నా జేబులనే ఉన్నది.