బూట్లు మాత్రమే కనిపించేవాడు

హంతకుడి వేషం నాకిచ్చారు
నా బూట్లు పెద్దవని.
అవి నావి కావు, నాన్నవి.
తెల్లమట్టి గనిలో పని పోయినప్పటినుంచీ
గరాజులో బోర్లా పడున్నాయి,
కుట్ల సందుల్లో ఇంకా ఆ సుద్ద.

మొహం చూపించనని ముందే చెప్పింది మోర్వెన్నా.
"మొహం ఎప్పుడొస్తుందా అని చూస్తారే,
భయమంతా ఆ చూడ్డంలోనే ఉంది డెన్జిల్."
పదిహేడేళ్ల పిల్ల. ఎక్కడ నేర్చుకుందో.

చోటు దొరకడానికి మూడు శనివారాలు పట్టింది.
బస్ డిపోలో వద్దుపొమ్మన్నారు.
జాగో వాళ్ల అత్త కోళ్లఫారంలో
మాకొచ్చిన వాసన కెమెరాకి రాలేదు.
చివరికి సెయింట్ ఆస్టెల్ పైన, కొండమీద,
మూతపడ్డ గని తాలూకు ఇంజను ఇల్లు:
కప్పులేని రాతిగోడలు, ఒక పొగగొట్టం,
లోపల గొర్రెల పెంటికలు, ఎవరివో చిప్స్ పొట్లాలు.
నిలబడి చూస్తే ఏమంత భయపెట్టలేదు.
జాగో తడిగడ్డిలో వెల్లకిలా పడుకుని
కెమెరా గడ్డంకింద ఆనించి పైకి తిప్పాడు.
పొగగొట్టం మా మీదికి వంగింది.
"ఇదీ" అన్నాడు, వీపంతా నానిపోయి.

కాగితం మీద వాన రాసుకున్నాం.
కార్న్‌వాల్‌లో వానకేం కరువు?
పెళ్లికొస్తుంది, పరీక్షలకొస్తుంది,
బట్టలారేసిన ప్రతిపూటా పేరంటానికొచ్చినట్టు వస్తుంది.
మేం పిలిచిన రోజు మాత్రం
ఆకాశం తోమిపెట్టిన పింగాణీ పళ్లెం.
కెరెన్సా పూలకుండీల నీళ్లడబ్బాతో
తన మీద తనే వాన పోసుకుని
ఎండలో వణికింది.
గోడెక్కి పైనుంచి తీస్తే
చట్రంలో ఆ పిల్ల చీమంత అయింది, నిజమే,
కానీ పిక్నిక్‌కొచ్చిన చీమ.

ఐదో టేక్‌లో సముద్రం వైపునుంచి లేచింది.
వానా అనలేం, మంచూ అనలేం,
మా నానమ్మ మిజిల్ అంటుంది దాన్ని.
ముందు పొగగొట్టం పోయింది. తర్వాత కంచె.
తర్వాత జాగో మోచేతులు.
మోర్వెన్నా గొంతొక్కటే మిగిలింది:
"ఆపొద్దు! ఎవరూ ఆపొద్దు!
కెరెన్సా, పరిగెత్తు!"

పరిగెత్తింది.
వెనకాల నేను నాన్న బూట్లతో
తొందరేమీ లేనివాడిలా నడవాలి.
ఇరవై అడుగులు లెక్కపెట్టి నడిచాను.
ఇరవయ్యొకటోది వేయబోతే
ఎదురుగా గడ్డి ఉంది, పిల్ల లేదు.

ఆ పక్కనే పాత గుంట.
అడుగున నీలిపచ్చ నీళ్లు, లోతెంతో నాన్నకి తెలుసు.
కంచెకి ఒకచోట తీగ తెగి వేలాడుతోందని
పొద్దున్నే అందరం చూశాం.
షాట్‌లో బాగుంటుందనుకున్నాం.

ఏడు నిమిషాలు.

తర్వాత వచ్చింది, మేం వెతకని వైపునుంచి,
మోకాలు దోక్కుపోయి, ఒక షూ ఎక్కడో వదిలేసి,
"బాగా వచ్చిందా?" అంటూ.
మోర్వెన్నా చెంపలు తుడుచుకుని
కళ్లలో తుంపర పడిందంది.

సోమవారం ఎడిటింగ్ గదిలో చూశాం.
జాగో పారేసి పరిగెత్తిన కెమెరా
గడ్డిలో పక్కకి ఒరిగి, ఆగకుండా తీస్తూనే ఉంది.
నేల గోడలా నిలబడింది,
ఆకాశం దానిపక్కన తెల్లగా కారుతోంది.
ఆ వంకర చట్రంలోకి బూట్లు వస్తాయి, పోతాయి,
మళ్లీ వస్తాయి, ఈసారి పరుగు.
జారి పడతాను.
అప్పుడు నా మొహం, గడ్డికి అంటుకుని, నిండుగా,
కెరెన్సా, కెరెన్సా, అని నోరు చించుకుంటూ.
హంతకుడు పిలుస్తున్నాడు.

మిస్ పెన్హాలిగన్ "ఫోకస్ లేదు" అంది,
కుర్చీ మాత్రం ముందుకి జరుపుకుంది.
మోర్వెన్నా శబ్దం తీసేసి
పదకొండు సెకన్లు ఉంచింది.

బూట్లు గరాజులో పెడుతుంటే నాన్న చూశాడు.
మడమకంటిన మట్టిని గోటితో గీకి
"ఏ గుంట?" అన్నాడు.
చెప్పాను.
తెల్లారి అవే బూట్లు తొడుక్కుని
తీగచుట్టా పట్టకారూ తీసుకుని కొండెక్కాడు.
ఇంకో షాట్ మిగిలుందని,
ఆ తీగ తెగే ఉండాలని
నాకు నోరు రాలేదు.